అక్కా, నీకు వినపడిందా?

(జీఎన్‌ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా, మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థినుల పరిచయ కార్యక్రమంలో ఒక స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. మేడమ్ గారు నన్ను గంట సేపు మాట్లాడమన్నారు. గంటంటే నా వల్ల కాదండీ. వార్డులో ఎనిమిది గంటలు నిలబడమంటే నిలబడతాను గానీ ఈ మైకు ముందు కాళ్లు వణుకుతున్నాయి. చూద్దాం, ఎంతవరకు వస్తే అంతవరకు.

ముందు ఒకసారి చేతులెత్తండి. ఇంటర్ అవ్వగానే నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఎంతమంది? సరే, దించండి. ఇరవై అయిదు దాటినవాళ్లు? సిగ్గెందుకమ్మా, ఎత్తండి. ఒకటి, రెండు, మూడు... ఆ వెనక స్తంభం పక్కన ఎత్తీ ఎత్తనట్టు ఎత్తినావిడ, మీరు కూడా. మొత్తం ఐదుగురు. ఇవాళ నేను మాట్లాడేది ముఖ్యంగా ఈ ఐదుగురితో. మిగతా పిల్లలు కూడా వినండి. ఎందుకంటే రేపటి నుంచి వీళ్లని 'అక్కా, అక్కా' అని పిలవబోయేది మీరే. ఆ పిలుపులో ఒక చిక్కుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను జీఎన్‌ఎంలో చేరేటప్పటికి నాకు 32 ఏళ్లు. 17 నిండాలి, 35 దాటకూడదు, రూలు మీకు తెలుసు. అంటే బస్సు కదిలాక పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కినదాన్ని నేను. అంతకుముందు పదమూడేళ్లు తెనాలి పక్కన మా ఊళ్లో మిషను కుట్టాను. జాకెట్లు, లంగాలు, బడి యూనిఫారాలు. ఇద్దరు పిల్లలు. పెద్దాడు ఆరు చదువుతున్నాడు, చిన్నది మూడు. మా మామయ్యగారికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర మంచంలో ఉన్నారు. ఆయనకి అన్నీ నేనే చేశాను. చూసినవాళ్లందరూ 'నువ్వు నర్సువి కావాల్సినదానివే' అనేవాళ్లు. వాళ్లు ఊరికే అన్నారు, నేను నిజంగానే పట్టుకున్నాను. ఆ మామయ్యగారి సంగతి కూడా తర్వాత చెప్పాలి. అది అంత తేలిగ్గా చెప్పుకునేది కాదు.

మొదటి రోజు ఏమైందో తెలుసా? ఇంకా యూనిఫారం ఇవ్వలేదు. మంచి నూలు చీర కట్టుకుని, జడ వేసుకుని, చేతిలో సంచీతో క్లాసులోకి అడుగు పెట్టాను. అంతే, క్లాసంతా లేచి నిలబడింది. 'గుడ్ మార్నింగ్ మేడమ్' అన్నారు. నవ్వుతున్నారా? నాకు ఆ రోజు నవ్వు రాలేదమ్మా. వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసి, నాలుక కరుచుకుని, 'సారీ అక్కా' అంది. అప్పుడు మొదలైంది ఆ అక్క.

ఇక పాఠాలు. నేను చదివింది తెలుగు మీడియం. అదీ ఇంటర్ అయిన పద్నాలుగేళ్లకి మళ్లీ పుస్తకం పట్టాను. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, సోషియాలజీ, ఫండమెంటల్స్ అనే నర్సింగ్ ప్రాథమిక పాఠాలు, కమ్యూనిటీ హెల్త్, న్యూట్రిషన్... పేర్లు రాసుకోవడానికే నాకు మొదటి గంట సరిపోయింది. మేడమ్ బోర్డు మీద రాసి తుడిచేసేలోపు పక్కపిల్లలు రెండు పేరాలు ఎక్కించేవాళ్లు. నేను స్పెల్లింగ్ దగ్గరే ఆగిపోయేదాన్ని. మొదటి పరీక్షలో 25కి 9 వచ్చాయి. ఆ కాగితం మా ఇంట్లో ఎవరికీ చూపించలేదు. పిల్లల మార్కుల కాగితం మీద సంతకం పెట్టే మనిషిని, నా కాగితం మడిచి బియ్యం డబ్బా వెనక దాచాను. చెప్పండి, ఎవరు చిన్నపిల్ల?

వయసొస్తే బుర్ర పనిచేయదు అంటారు చూశారా, నేనూ అదే అనుకున్నాను. కానీ పదమూడేళ్లు నేను ఊళ్లో యాభై మంది ఆడవాళ్ల జాకెట్ కొలతలు కాగితం చూడకుండా చెప్పేదాన్ని. అది జ్ఞాపకం కాదా? మరి ఎముకల పేర్లు ఎందుకు నిలవడం లేదు? కొలతలు నేను చదివి నేర్చుకోలేదు, టేపు పట్టుకుని నేర్చుకున్నాను. అది తట్టాక పుస్తకం పక్కన పెట్టి మా అబ్బాయిని పిలిచాను. గుడ్డ మీద గీసే సుద్ద ఉంటుందిగా, దాంతో వాడి చెయ్యి మీద ఎముకలు గీశాను. భుజం నుంచి మోచేతి దాకా హ్యూమరస్. మోచేతి కింద రెండు. బొటనవేలు వైపుది రేడియస్, చిటికెనవేలు వైపుది అల్నా. మనం నాడి చూసేది ఎక్కడ? బొటనవేలు వైపు. అందుకే దాన్ని రేడియల్ పల్స్ అంటారు. ఇక మర్చిపోతారా? నేను మర్చిపోలేదు. మణికట్టు దగ్గర ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, వాటికి మాత్రం వాడికి చక్కిలిగింతలు పుట్టి పారిపోయాడు. చిన్నదాని వీపు మీద వెన్నెముక గీసి, తుడవడం మర్చిపోయి బడికి పంపించేశాను కూడా. వాళ్ల టీచరు కబురు పెట్టింది.

పేర్ల విషయంలో ఇంకొక్కటి. ఆ పొడుగు పేర్లు చూసి భయపడకండి, అవి అతుకుల బట్టలు. విప్పితే ముక్కలు బయటపడతాయి. 'ఐటిస్' అని చివర ఉంటే అక్కడ వాపు, మంట ఉన్నట్టు. 'నెఫ్రో' అంటే కిడ్నీ, 'హెపటో' అంటే కాలేయం, 'గ్యాస్ట్రో' అంటే జీర్ణాశయం. హెపటైటిస్, నెఫ్రైటిస్, గ్యాస్ట్రైటిస్, ఇంక మీరే చెప్పేస్తారు. మా అత్తయ్య ఎప్పుడూ 'గ్యాస్టిక్కు, గ్యాస్టిక్కు' అంటుంటే నవ్వుకునేదాన్ని. ఆవిడకి సగం మాట ముందే తెలుసన్నమాట.

ఇంటి సంగతి అడుగుతారు నన్ను అందరూ. ఎలా నెగ్గుకొచ్చావు అని. అన్నీ నెగ్గలేదండీ. రాత్రి పని అయ్యాక చదువుదాం అనుకున్నదాన్ని ఒక్క రోజు కూడా పది దాటి కళ్లు తెరుచుకుని ఉండలేదు. పుస్తకం మీద పడి నిద్రపోతే మా ఆయన తీసి పక్కన పెట్టేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మొదలుపెట్టాక కాస్త దారి దొరికింది. కూర రోజూ ఒకటే, వారంలో నాలుగు రోజులు పప్పు. పిల్లలు మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనివ్వండి. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి, ఎవరూ సరిగ్గా చెప్పరు. క్లాసులకి 80 శాతం హాజరుంటే పరీక్షకి కూర్చోవచ్చు. ప్రాక్టికల్స్ అలా కాదు. డిప్లొమా చేతికి రావాలంటే అవి 100 శాతం పూర్తి చేయాలి. పాపకి జ్వరమని నాలుగు రోజులు మానితే ఆ నాలుగు రోజుల డ్యూటీ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ చేయాల్సిందే. అందుకని పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు అన్నది జ్వరం వచ్చాక కాదు, ఈ వారంలోనే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇప్పుడు మామయ్యగారి సంగతి.

ఫండమెంటల్స్ క్లాసులో బ్యాక్ కేర్ చెబుతున్నారు. మంచంలో ఉన్న మనిషి వీపుని ఎలా చూసుకోవాలి, పుండు పడకుండా ఏం చేయాలి. నేను చాలా ధీమాగా కూర్చున్నాను. ఇదొక్కటి నాకు వచ్చు కదా! ఏడాదిన్నర చేశాను కదా! మేడమ్ చెప్పుకుపోతున్నారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. పైకి జరపాలంటే లాగకూడదు, కింద వేసిన దుప్పటి పట్టుకుని ఇద్దరు ఎత్తి జరపాలి, లాగితే చర్మం లోపల ఒరుసుకుపోతుంది. ఎముక మీద ఎర్రగా కమిలిన చోట రుద్దకూడదు, రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది.

నేనేం చేశానో తెలుసా? మామయ్యగారికి నడుం కింద ఎర్రగా కమిలితే కొబ్బరినూనె పెట్టి రోజూ రుద్దాను. గట్టిగా రుద్దాను, రక్తం ఆడుతుందని. చంకల్లో చేతులు పెట్టి పైకి లాగేదాన్ని. రాత్రి ఎనిమిదికి పడుకోబెడితే పొద్దున్నే చూసేదాన్ని, పాపం నిద్రపోతున్నారు కదా లేపడమెందుకని. పుండు పడింది. లోతుగా పడింది. మంచంలో ఉన్న మనిషికి పుండ్లు పడక తప్పదు అన్నారందరూ. నేనూ అదే అనుకున్నాను.

క్లాసులోంచి లేచి వెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. ఎంతసేపు కడుక్కున్నానో తెలియదు. మేడమ్ వచ్చారు. నేనేమీ దాచలేదు, మొత్తం చెప్పేశాను. ఆవిడ ఓదారుస్తారనుకున్నాను. ఆవిడేమో, 'ఆయన్ని ఏ వైపుకి తిప్పేదానివి? పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం చేసేదానివి? గంటల ప్రకారం రాసుకురా. పక్కన ఇప్పుడైతే ఏం చేస్తావో రాయి' అన్నారు. రెండు రోజులు రాశాను. కాగితంలో ఎడమ వైపు నేను చేసింది, కుడి వైపు చేయాల్సింది. పడుకోబెట్టే గంజి తాగించానని కూడా రాశాను. తల ఎత్తి కూర్చోబెట్టకుండా తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని అప్పటికి నేర్చుకున్నాను. ఆ ఏడాది నాకు వచ్చిన మొదటి మంచి మార్కు ఆ కాగితానికే వచ్చింది.

ఇంట్లో ముసలివాళ్లని, పసిపిల్లల్ని చూసుకుని వచ్చిన మనకి బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం అంటే అసహ్యం ఉండదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు మొదటి వారం అన్నం తినలేరు, మనం తింటాం. అది మనకున్న బలం. కానీ చెయ్యి ముందే అలవాటు పడి ఉంటుంది, తప్పుగా అలవాటు పడి ఉంటుంది. ఏమీ రాని పిల్ల మేడమ్ చెప్పినట్టే చేస్తుంది. మనం 'నాకు వచ్చులే' అని సగం వింటాం. స్పాంజ్ బాత్‌లో కన్ను ఎటు నుంచి తుడవాలి? ముక్కు వైపు నుంచి బయటికి, సబ్బు లేకుండా, ఒక్కో కంటికి బట్ట మూల మార్చి. నేను పిల్లలకి ఎలా తుడిచాను? చేతికి ఎటు వస్తే అటు.

చేతులు కడుక్కోవడం కూడా అంతే. చేతులు కడుక్కోవడం మనకి చెప్పాలా అనిపిస్తుంది. సబ్బూ నీళ్లతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఇవాళ ఇంటికెళ్లి గడియారం చూసుకుంటూ కడగండి, తెలుస్తుంది.

సరే, అక్క దగ్గరికి వస్తాను.

ల్యాబ్‌లో బీపీ చూడటం నేర్పుతున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూసుకోవాలి. నేను స్టెతస్కోప్ పెట్టుకున్నాను. పట్టీకి గాలి కొట్టాను, వదిలాను. ఏమీ వినపడలేదు. మళ్లీ కొట్టాను. ఫ్యాను చప్పుడు, పిల్లల మాటలు, అంతే. పక్కన ఇద్దరు పిల్లలు, వాళ్లకీ వినపడటం లేదు. నా వైపు తిరిగి అడిగారు. 'అక్కా, నీకు వినపడిందా?'

మీరైతే ఏమంటారు? నేనేమన్నానో చెప్పనా? 'ఆ, వినపడిందమ్మా' అన్నాను. ఎందుకన్నాను? మేడమ్ అడిగి ఉంటే లేదని చెప్పేదాన్నేమో. చిన్నపిల్లలు అడిగారు. అక్కకి వినపడకపోతే ఎలా? అప్పటికి రెండు నెలలుగా వాళ్లకి జడలు వేస్తున్నాను, ఊరగాయ తెచ్చి పెడుతున్నాను, హాస్టల్లో ఏడిస్తే ఊరుకోబెడుతున్నాను. ఆ అక్క వాళ్ల ముందు 'నాకు రాదు' అనలేకపోయింది. ఒకసారి వినపడిందని చెప్పాక మేడమ్ దగ్గరికి వెళ్లి వినపడలేదని ఎలా చెబుతాను? కప్పిపుచ్చుకుంటూ వార్డుకి వెళ్లిపోయాను.

వార్డులో నాకు నలుగురు పేషెంట్లని ఇచ్చి బీపీ చూసి రాయమన్నారు. చూశాను. అంటే, గాలి కొట్టాను, వదిలాను. ముగ్గురికి 120/80 రాశాను. మరీ అనుమానం వస్తుందని ఒకాయనకి 110/70 రాశాను. ఆ తెలివికేం తక్కువ లేదు. వార్డు సిస్టర్ గారు కాగితం చూశారు, నన్ను చూశారు. ఏమీ అనకుండా ఆ 110/70 ఆయన దగ్గరికి నడిచారు. ఆయన పొద్దున్నుంచి తలనొప్పి అంటున్నాడట. నాకు తెలియదు, నేను అడగలేదు. ఆవిడ పట్టీ చుట్టి చూసి, అంకె నాకు చూపించారు. 190/110.

ఆయనకేమీ కాలేదు, వెంటనే డాక్టర్ గారికి చెప్పారు, మందు వేశారు. కానీ నా కాగితం నమ్మి ఉంటే? సిస్టర్ గారికి నేను మిషను కుట్టేదాన్నని తెలుసు. నా వైపు తిరిగి ఒక్క మాటే అడిగారు. 'కొలిచావా, కుట్టేశావా?'

ఇప్పటికీ ఏదైనా కాగితం మీద అంకె వేసే ముందు ఆ మాట నా చెవిలో మోగుతుంది.

డ్యూటీ అయ్యాక ఆవిడ నన్ను కూర్చోబెట్టి నేర్పారు. పావుగంట. అంతే పట్టింది. నేను స్టెతస్కోప్ తిరగేసి పెట్టుకుంటున్నాను! చెవిలో పెట్టుకునే మొనలు ముందుకి, ముక్కు వైపుకి వంగి ఉండాలి. రెండో తప్పు, స్టెతస్కోప్ చివర ఉండే బిళ్ల, అదే డయాఫ్రమ్, మోచేతి మడత మధ్యలో ఎక్కడో పెడుతున్నాను. ముందు వేళ్లతో నాడి వెతకాలి. మోచేతి మడతలో లోపలి వైపు, అంటే చిటికెనవేలు వైపు దొరుకుతుంది. అక్కడ పెట్టాలి. మణికట్టు నాడి మీద వేలుంచి గాలి కొడితే ఒక అంకె దగ్గర నాడి ఆగిపోతుంది. దానికి ఇంకో 30 పైకి తీసుకెళ్లి, అప్పుడు మెల్లగా, సెకనుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున, అంటే ఇంచుమించు ఒక గీత చొప్పున దించాలి. మొదట టప్ అన్నది పై అంకె. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది కింది అంకె. ఆ చప్పుళ్లని 1905లో కనిపెట్టి చెప్పింది కొరొట్కాఫ్ అనే రష్యా డాక్టరు, పరీక్షలో అడుగుతారు. నాకు మొదటిసారి ఆ టప్ వినపడినప్పుడు, నిజం చెబుతున్నాను, మా అబ్బాయి కడుపులో తన్నినప్పుడు ఎలా ఉలిక్కిపడ్డానో అలా ఉలిక్కిపడ్డాను.

మర్నాడు ఆ ఇద్దరు పిల్లల దగ్గరికీ వెళ్లి చెప్పాను. 'అమ్మాయిలూ, ఆ రోజు నాకు వినపడలేదు.' ఒకమ్మాయి ఏమందో తెలుసా? 'మాకూ వినపడలేదక్కా, నీకు వినపడిందన్నావని మేమూ వినపడిందని చెప్పేశాం' అంది. చూశారా? నా ఒక్క అబద్ధానికి ముగ్గురం వార్డులో అంకెలు కుట్టుకుంటూ తిరిగాం.

కాబట్టి పిల్లలూ, మీ అక్కలకి అన్నీ తెలుసనుకోకండి. వాళ్లని హాస్టల్లో అమ్మల్ని చేసి కూర్చోబెట్టకండి, వాళ్లకీ రికార్డు రాసుకునే పని ఉంటుంది. నాకు ఇంగ్లీషు స్పెల్లింగులు నేర్పింది అలాంటి పద్దెనిమిదేళ్ల పిల్లే. దానికి నేను మంచం మీద దుప్పటి మూలలు మడవడం నేర్పాను. బట్ట మడత నా చేతిలో పని కదా, అది ఒక్కరోజులో వచ్చేసింది నాకు. ఇద్దరికీ బాకీ లేకుండా సరిపోయింది.

ఐదుగురికీ ఇంకో విషయం. వార్డులో పేషెంట్లు మిమ్మల్ని చూసి పెద్ద సిస్టర్ అనుకుంటారు. పక్కన మీతోపాటు చేరిన పిల్ల ఉంటే ఆ పిల్లని పక్కకి నెట్టి 'అమ్మా, మీరు వేయండి ఇంజెక్షన్' అంటారు. ఎంత బాగుంటుందో ఆ మాట! 'నేను స్టూడెంట్‌నండీ, సిస్టర్ గారిని పిలుస్తాను' అని చెప్పడానికి మొదట్లో నాకు గొంతు పెగిలేది కాదు. వారం రోజులు ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. నవ్వకండి, నిజంగానే చేశాను.

కళ్లు తిరగడం అందరికీ ఉంటుంది, అది పెద్ద విషయం కాదు. టిఫిన్ తినకుండా డ్యూటీకి రాకండి. డ్రెస్సింగ్ చూస్తూ చెవుల్లో హోరు మొదలైతే ధైర్యం చూపించకుండా అక్కడే కింద కూర్చోండి. పడితే తల పగిలేది మీదే.

లెక్కలంటే టెన్షన్ ఉన్నవాళ్లు ఎవరు? చాలామందే ఉన్నారు. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి. సెలైన్ ఎక్కించే గొట్టాన్ని సెట్టు అంటాం, దాని కవరు మీద మి.లీ.కి 20 చుక్కలని ఉంది. నిమిషానికి ఎన్ని? మొత్తం చుక్కలు పదివేలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. పంచితే 42కి కాస్త తక్కువ, 42 అనుకోండి. నాకు ఇది లంగాకి కుచ్చులు పంచినట్టే అనిపించింది. గుడ్డ ఎంతుంది, నడుం ఎంతుంది, సమానంగా ఎలా పంచాలి, అంతే కదా. కవరు మాత్రం ప్రతిసారీ చూడాలి. కొన్ని సెట్లకి 15 ఉంటుంది, పిల్లలకి వాడే మైక్రో సెట్‌కి 60 ఉంటుంది. గుడ్డ పన్నా చూడకుండా కత్తెర పెడతామా?

మేడమ్ గారు గడియారం చూస్తున్నారు. నాకూ రెండింటికి డ్యూటీ ఉంది. ఇంకో పావుగంట ఉంటాను. బీపీ మిషను, స్టెతస్కోప్ తెచ్చాను, ఇదిగో. ఆ స్తంభం పక్కనావిడ, ముందు మీరు రండి. నా చెయ్యే ఇస్తాను. నా బీపీ ఎంతో పొద్దున్నే చూసుకుని కాగితం మీద రాసి మేడమ్ గారికి ఇచ్చాను, మీకు మాత్రం చెప్పను. రండి. ఫ్యాను ఆపండి ఎవరైనా.